పికప్ బండికి పగటి లైట్లు: తక్కువ ఖర్చులో బిగించుకోవడం ఎలా?

చెరకు కోతల కాలంలో బోధన్, ఎడపల్లి, రెంజల్, కోటగిరి రోడ్ల మీద బండి నడిపేవారికి ఒక ఇబ్బంది బాగా తెలుసు. మనిషి కంటే ఎత్తు పెరిగిన తోట అంచున మట్టిబాట వచ్చి తారురోడ్డును కలుస్తుంది. ఆ బాటలోంచి బైక్ మీద బయటికి వచ్చేవాడికి రోడ్డు మీది బండి చివరిదాకా కనపడదు. అవతల నిండా చెరకు వేసుకున్న ట్రాక్టర్ ట్రాలీ మెల్లగా పోతుంటుంది, దాన్ని దాటడానికి ఎవరో ఒకరు కుడివైపుకు వస్తారు. ఇదంతా పట్టపగలు జరిగేదే. మట్టి కొట్టుకుపోయిన బూడిద రంగు పికప్ ఎండలో రోడ్డులో కలిసిపోయి, దగ్గరికి వచ్చాక గానీ ఉన్నట్టు తెలియదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి అర సెకనులో ఎనిమిది మీటర్లు దాటుతుంది. ఎదుటివాడు ఆ అర సెకను ముందు చూశాడా, తరువాత చూశాడా అన్నదే చాలాసార్లు తేడా. ఆ కాస్త ముందు కనపడటం కోసమే డేటైమ్ రన్నింగ్ లైట్లు. వాడుకలో డీఆర్‌ఎల్ అంటారు. ఇవి డ్రైవర్‌కు దారి చూపించే లైట్లు కావు. బండిని ఇతరులకు చూపించే లైట్లు. ఈ తేడా గుర్తుంటే తరువాతి విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

చలి దేశాల నుంచి మన రోడ్ల దాకా

పగలు లైట్లు వేసుకోవాలన్న నిబంధన మొదట వెలుతురు తక్కువ ఉండే ఉత్తర దేశాల్లో వచ్చింది. ఫిన్లాండ్‌లో 1972లో చలికాలంలో ఊరి బయటి రోడ్లకు, స్వీడన్‌లో 1977లో ఏడాది పొడవునా అమలైంది. కెనడాలో 1989 డిసెంబర్ 1 తర్వాత తయారైన కొత్త బండ్లన్నిటికీ డీఆర్‌ఎల్ తప్పనిసరి. యూరప్‌లో కొత్త కార్ల మోడళ్లకు 2011 ఫిబ్రవరి నుంచి, లారీలు, బస్సులకు 2012 ఆగస్టు నుంచి తప్పనిసరి అయింది.

మన దేశంలో నాలుగు చక్రాల బండ్లకు డీఆర్‌ఎల్ తప్పనిసరి కాదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త టూవీలర్లకు మాత్రం ఇంజిన్ స్టార్ట్ కాగానే హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు పెట్టారు. కొత్త బైకులకు లైటు ఆపే స్విచ్ లేనిది అందుకే. మొదట్లో చాలామంది ‘లైటు వేసి ఉంది భాయ్’ అని రోడ్డు మీద చెయ్యి ఊపి చెప్పేవారు. ఇప్పుడు అలవాటైపోయింది.

‘ఫారిన్ పికప్’ అంటే ఏది?

నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు పోయిరాని కుటుంబం అరుదు. సౌదీలోనో దుబాయ్‌లోనో ఏళ్ల తరబడి హైలక్స్ నడిపినవారు ఆ బండినే ఇంటికి తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. తెచ్చుకోలేరు. వాడిన బండిని దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి, ముంబై రేవు ద్వారానే రావాలి. గల్ఫ్ బండ్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది కాబట్టి సంగతి అక్కడితోనే ముగుస్తుంది. భారీ కస్టమ్స్ సుంకం దాకా పోనక్కర్లేదు. ఎవరైనా ఏజెంట్ ‘కాగితాలు నేను చూసుకుంటా’ అని డబ్బు అడిగితే ఇవ్వకపోవడమే మంచిది.

ఇక్కడ జనం ఫారిన్ పికప్ అనేది ఎక్కువగా ఇసుజు డీ-మ్యాక్స్, వీ-క్రాస్, టొయోటా హైలక్స్ బండ్లను. కంపెనీలు జపాన్‌వే గానీ ఇసుజు 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో తయారవుతోంది. హైలక్స్ 2022లో మన మార్కెట్‌కు వచ్చింది, బెంగళూరు దగ్గర బిడది ప్లాంట్‌లో బిగిస్తారు. ఖరీదైన మోడళ్లకు డీఆర్‌ఎల్ కంపెనీ నుంచే వస్తుంది. సరుకు రవాణాకు కొనే కింది మోడళ్లకు, పాత బండ్లకు చాలావాటికి ఉండదు. కింద చెప్పే పద్ధతి వాటికే. 12 వోల్టుల బ్యాటరీ ఉన్న బొలేరో పికప్‌కైనా, యోధాకైనా వైరింగ్ ఇదే. 24 వోల్టుల లారీకి మాత్రం ఈ సామాను పనికిరాదు.

ముందు చట్టం సంగతి

లైటు కొనకముందే ఇది చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే వీలుంది. ఎదుటివారి కళ్లు చెదిరేలా కాంతి పడకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చెబుతుంది. ట్రాన్స్‌పోర్ట్ బండికి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టడాన్ని 111వ నిబంధన అడ్డుకుంటుంది.

దీన్నిబట్టి అన్నిటికంటే భద్రమైన దారి ఒక్కటే. అదే మోడల్ పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే డీఆర్‌ఎల్ గానీ, షోరూమ్ యాక్సెసరీ జాబితాలో ఉన్నది గానీ వేయించుకుని బిల్లు దాచుకోవడం. అది ఖర్చు అనుకుంటే, ఆమోద ముద్ర ఉన్న చిన్న తెల్ల లైట్ల జత. నీలం, ఎరుపు, రంగులు మార్చే పట్టీలు, మెరిసి ఆరే లైట్లు, బంపర్ పొడవునా వెలిగే ఎల్‌ఈడీ బార్లు ఇవేవీ డీఆర్‌ఎల్ కిందికి రావు. పోలీసు ఆపితే వాదించి లాభం లేదు.

ట్రాన్స్‌పోర్ట్ రిజిస్ట్రేషన్ బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ ఉంటుంది. టీజీ 16 బండ్లవారు బిగించకముందే నిజామాబాద్ ఆర్టీఏ ఆఫీసులో వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను అడిగి తెలుసుకుంటే, తరువాత ఫిట్‌నెస్ నాడు లైట్లు పీకించుకునే అవస్థ ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలపాలి. వైరింగ్ వల్ల బండి అంటుకుంటే క్లెయిమ్ దగ్గర మొదట అడిగేది బయట చేయించిన ఎలక్ట్రికల్ పని గురించే.

పైసా ఖర్చు లేని దారి

ఏమీ బిగించకుండానే పగలు లో బీమ్ వేసుకుని నడపవచ్చు. చట్టంతో పేచీ లేదు, వెనక లైట్లు కూడా వెలుగుతాయి. ఏడాదికి నాలుగైదుసార్లు ఊరి బయటికి పోయే బండికి ఇదే చాలు.

రోజూ తిరిగే బండికి రెండు చిక్కులున్నాయి. హాలోజన్ లో బీమ్ ఒక్కొక్కటి 55 వాట్లు. రెండూ కలిసి 110, పార్కింగ్, టెయిల్, నంబర్ ప్లేట్, డ్యాష్‌బోర్డ్ బల్బులు కలుపుకుంటే దాదాపు 140 వాట్లు, అంటే పన్నెండు ఆంపియర్ల దాకా. బల్బులు త్వరగా పోతాయి. రెండోది, మధ్యాహ్నం ఎండలో లైటు వెలుగుతున్నట్టు తెలియదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు దించుతూ లైట్లు ఆపడం మరిచిపోతే 70 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఐదారు గంటల్లో చేతులెత్తేస్తుంది. ఎల్‌ఈడీ డీఆర్‌ఎల్ జత తీసుకునేది దాదాపు ఒక ఆంపియర్. తాళం తీస్తే అదే ఆరిపోతుంది.

పాత మెకానిక్‌లు ఇంకో ఉపాయం చెబుతారు. రెండు హై బీమ్‌లను సిరీస్‌లో కలిపి సగం వోల్టేజీకి వెలిగించడం. అమెరికా, కెనడాల్లో కొన్ని కంపెనీలు ఒకప్పుడు ఇలాగే డీఆర్‌ఎల్ ఇచ్చాయి. అయితే దానికి హెడ్‌లైట్ వైరింగ్ కోయాలి, నాలుగు రిలేలు పెట్టాలి. చిన్న ఎల్‌ఈడీ జత దొరికే ఈ రోజుల్లో ఆ కష్టం ఎందుకో అర్థం కాదు.

లైటు ఎలా ఎంచుకోవాలి?

అంతర్జాతీయంగా డీఆర్‌ఎల్‌కు ఐక్యరాజ్యసమితి 87వ నియమావళి ఉంది. ఒక్కో లైటు కాంతి 400 నుంచి 1,200 క్యాండెలాల మధ్య ఉండాలి, రంగు తెలుపే ఉండాలి. ఆ పరీక్ష నెగ్గిన లైటు అద్దం మీద గుండ్రటి గీతలో ‘ఈ’ అక్షరం, దేశం నంబర్, పక్కన ‘ఆర్‌ఎల్’ అనే అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. స్టిక్కర్ మీద ఉంటే నమ్మకూడదు. అట్టపెట్టె మీద వాట్లు ఎంత ఎక్కువ రాస్తే అంత మంచి లైటు అనుకోవడం పొరపాటు. డీఆర్‌ఎల్‌కు ఆరేడు వాట్లు ధారాళం. అంతకు మించినది సాయంత్రం ఎదుటివాడి కంట్లో కొడుతుంది.

నీళ్లు, దుమ్ము దూరని ఐపీ67 రకం తీసుకోవాలి. చెరకు పొలం బురదలో దిగి, తరువాత వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ జెట్ తినే బండి ఇది. పల్చటి ప్లాస్టిక్ పట్టీ ఒక్క వానాకాలం దాటదు. వెనక అల్యూమినియం బాడీ ఉంటే వేడి బయటికి పోతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో, వేడి ఇంజిన్ ముందర ఎల్‌ఈడీని చంపేది వేడే.

ధర విషయానికొస్తే నాసిరకం జత మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. మన్నేది వెయ్యి, పదిహేను వందల మధ్య ఉంటుంది. రిలే, సాకెట్, ఫ్యూజ్ హోల్డర్, వైరు, స్లీవ్ కలిపి ఇంకో మూడు నాలుగు వందలు. పొదుపు చేయాలంటే మిస్త్రీ కూలిలో చేసుకోవచ్చు గానీ లైటులో, ఫ్యూజ్‌లో చేయకూడదు.

ఎక్కడ బిగించాలి?

నేల నుంచి లైటు ఎత్తు 25 సెంటీమీటర్లకు తగ్గకుండా, 150 దాటకుండా ఉండాలి. రెండు లైట్ల లోపలి అంచుల మధ్య కనీసం 60 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. పికప్ బంపర్‌లో ఫాగ్ ల్యాంప్ కోసం వదిలిన మూత ఉంటే అదే సరైన చోటు, బాడీకి రంధ్రం పొడవాల్సిన పని లేదు. గ్రిల్ మధ్యలో పెడితే రేడియేటర్‌కు, ఇంటర్‌కూలర్‌కు పోయే గాలికి అడ్డం. బరువుతో పోయే డీజిల్ బండికి అది మంచిది కాదు. ఇక బుల్ బార్ మీద బిగించడం. బుల్ బార్లే కూడదని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ పనికి అవి అడ్డమని, గుద్దుకున్న పాదచారికి మరింత ప్రమాదమని అంటారు. లేని తంటాను లైటు పేరుతో తెచ్చుకోవద్దు.

వైరింగ్: ఒక రిలే చాలు

డీఆర్‌ఎల్ రెండు పనులు దానంతటదే చేయాలి. తాళం తిప్పగానే వెలగాలి, పార్కింగ్ లేదా హెడ్‌లైట్ వేయగానే ఆరాలి. ఐదు కాళ్ల రిలే ఒక్కటి ఉంటే ఈ రెండూ అవుతాయి.

ముందుగా 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. తరువాత బానెట్ కింది ఫ్యూజ్ బాక్సులో, తాళం ఆన్ చేస్తేనే 12 వోల్టులు చూపించి, ఆఫ్ చేస్తే సున్నా చూపించే ఫ్యూజ్‌ను గుర్తించాలి. దీనికి మాత్రం బ్యాటరీ కలిపి మల్టీమీటర్‌తో చూసి, మళ్లీ తీసేయాలి. ఆ ఫ్యూజ్ చోట పాత ఫ్యూజ్‌తో పాటు కొత్తదీ పట్టే ట్యాప్ హోల్డర్ పెడితే వైరు కోయకుండానే కరెంటు వస్తుంది. డీఆర్‌ఎల్ వైపు 3 లేదా 5 ఆంపియర్ల ఫ్యూజ్ వేయాలి. ఇంజిన్ ఈసీయూ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్‌ల జోలికి పోవద్దు. పసుపు రంగు గొట్టంలో పోయే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటిని తాకనే కూడదు.

ఆ కరెంటు రిలే 30 నంబర్ కాలుకు. 87ఏ కాలు నుంచి రెండు డీఆర్‌ఎల్‌ల ప్లస్‌కు. 85 కాలు ఎర్త్‌కు. 86 కాలుకు పార్కింగ్ లైటు ప్లస్ వైరు. 87 కాలు ఖాళీగా ఉంటుంది, దానికి స్లీవ్ తొడగాలి. పగలు పార్కింగ్ వైరులో కరెంటు ఉండదు కాబట్టి 30, 87ఏ కలిసే ఉంటాయి, లైటు వెలుగుతుంది. లైటు స్విచ్ మొదటి నొక్కు తిప్పగానే రిలే టక్కుమని లాగుతుంది, డీఆర్‌ఎల్ ఆరిపోతుంది.

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. మార్కెట్లో ఐదు కాళ్ల రిలేలు రెండు రకాలు. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకదానికి మధ్య కాలు మీద 87ఏ అని ఉంటుంది, రెండోదానికి అక్కడ కూడా 87 అనే ఉంటుంది. రెండో రకం పెడితే పగలు లైటు వెలగదు, రాత్రి హెడ్‌లైట్‌తో పాటు వెలుగుతుంది. అంటే కావలసినదానికి పూర్తిగా తలకిందులు. రిలే మీది బొమ్మ చూసే కొనాలి.

86కు హెడ్‌లైట్ వైరు కాకుండా పార్కింగ్ వైరే తీసుకోమనడానికి కారణం ఉంది. జపాన్ కంపెనీల బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ స్విచ్ ప్లస్‌ను కాక ఎర్త్‌ను కలుపుతుంది. అలాంటి వైరును రిలేకు కలిపితే లెక్క తప్పుతుంది. పార్కింగ్ వైరుతో సాధారణంగా ఈ పేచీ రాదు. అయినా మీటర్ పెట్టి చూడందే కలపకూడదు. లైట్లన్నీ కంప్యూటర్ మాడ్యూల్ అధీనంలో ఉండే కొత్త మోడళ్లలో ఇలా ట్యాప్ చేస్తే డ్యాష్‌బోర్డ్ మీద హెచ్చరిక రావచ్చు, వారంటీకి అడ్డం రావచ్చు. వారంటీలో ఉన్న బండిని షోరూమ్‌లోనే చేయించాలి.

వైరు ఒక చదరపు మిల్లీమీటర్ సరిపోతుంది. జాయింట్లకు సోల్డర్ లేదా క్రింప్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. మన ఎండకు ఇన్సులేషన్ టేప్ జిగురు కారి రెండు వేసవుల్లో ఊడిపోతుంది. ఎర్త్ బోల్టు దగ్గర పెయింట్ గీకి గట్టిగా బిగించాలి, లైటు మిణుకుమనే ఫిర్యాదుల్లో సగం ఎర్త్‌వే. రేడియేటర్ ఫ్యాన్‌కు, వేడి గొట్టాలకు దూరంగా వైర్లను ట్యాగులతో కట్టాలి. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగిస్తే లోపల నీరు నిలవదు.

పని అయ్యాక తాళం ఆన్, లైటు వెలగాలి. మొదటి నొక్కు, ఆరాలి. నొక్కు వెనక్కి, మళ్లీ వెలగాలి. తాళం తీస్తే పూర్తిగా చీకటి, మసకగా కూడా మిణుకుమనకూడదు. ఎఫ్‌ఎం పెట్టినప్పుడు గరగర శబ్దం వస్తే అది నాసిరకం లైటు లోపలి సర్క్యూట్ పని, వెనక్కి ఇచ్చేయడమే. ఒక రాత్రి నిలిపి ఉంచి తెల్లారి బండి ఎప్పటిలా స్టార్ట్ అయితే పని సరిగా అయినట్టే.

పొగమంచులో డీఆర్‌ఎల్‌ను నమ్ముకోవద్దు

డిసెంబర్, జనవరిల్లో ఫజర్ నమాజ్ ముగించి సరుకుతో బయలుదేరేవారికి కాలువల వెంట, మంజీర వైపు పొగమంచు ఎదురవుతుంది. ఇక్కడ డీఆర్‌ఎల్ వల్లే ఒక కొత్త ప్రమాదం పుడుతుంది. ముందు తెల్లటి వెలుగు కనిపిస్తుంటే డ్రైవర్ లైట్లన్నీ వెలుగుతున్నాయనే అనుకుంటాడు. కానీ డీఆర్‌ఎల్‌తో వెనక లైట్లు వెలగవు. వెనక నుంచి వచ్చే లారీకి ఆ పికప్ చీకటి ముద్దే. యూరప్‌లో ఈ లైట్లు వచ్చాక అక్కడి డ్రైవర్లకూ ఇదే పదేపదే చెప్పాల్సి వచ్చింది. మంచు, జోరువాన, పొలం తగలబెట్టిన పొగ, ఏదైనా సరే హెడ్‌లైట్ లో బీమ్ వేయాల్సిందే. అప్పుడు వెనక ఎర్ర లైట్లు వెలుగుతాయి, రిలే డీఆర్‌ఎల్‌ను ఆపేస్తుంది.

సాయంత్రం కూడా అంతే. సూర్యాస్తమయం అయిన అరగంట నుంచి, వెలుతురు చాలనప్పుడు ఎప్పుడైనా లైట్లు ఉండాలని నిబంధన చెబుతుంది. మగ్రిబ్ అజాన్ వినపడగానే హెడ్‌లైట్ స్విచ్ మీదికి చెయ్యి పోతే లెక్క సరిపోతుంది, అరగంట ముందే అయినట్టు. ఊరి లోపల, నిజామాబాద్ గాంధీచౌక్ వంటి ఇరుకు బజారులో వీధి దీపాల వెలుగులో పోయేటప్పుడు ఇది మరిచిపోవడం మరీ సులువు.

ఇంట్లో ఒకే బండిని అన్నదమ్ములు, కొడుకులు మార్చి మార్చి నడిపేచోట ఈ సంగతి అందరికీ చెప్పాలి. బండి తీసినవాడు తాళం ఆన్ చేసి, లైటు స్విచ్ తిప్పి, ఒకసారి వెనక్కి నడిచి టెయిల్ లైట్లు చూసుకోవాలి. చెరకు లోడింగ్‌లో, గేదెల దాణా దించడంలో వెనక లైటు అద్దాలు పగలడం మామూలే, వాటి బల్బు ఇరవై ముప్పై రూపాయలకు మించదు. ముందు వెయ్యి రూపాయల డీఆర్‌ఎల్ బిగించే ముందు ఆ బల్బు వేయించాలి. వారానికోసారి తడిగుడ్డతో డీఆర్‌ఎల్ అద్దాలు తుడవాలి. రేగడి మట్టి ఒక పొర పట్టిందంటే వెలుగు చాలావరకు లోపలే ఆగిపోతుంది.